మహేంద్రగిరి మీద శివరాత్రి

ఒడిశాలో ఉండే పర్లాకిమిడి తెలుగువాళ్ళం పూరీ వెళ్తాం, సింహాచలం వెళ్తాం, పిల్లల పుట్టు వెంట్రుకలకి తిరుపతి వెళ్తాం. మన గజపతి జిల్లాలోనే 1501 మీటర్ల ఎత్తున మహేంద్రగిరి ఉంది, మన ఊరి పక్క నుంచి పారే మహేంద్రతనయ ఆ కొండల్లోనే పుట్టింది, అయినా అక్కడికి శివరాత్రి యాత్ర చేసినవాళ్ళు మా వీధిలో నలుగురైదుగురు కూడా ఉండరు. ఈసారి మా పిన్ని పట్టుబట్టింది. మోకాళ్ళ నొప్పులున్నా సరే, ఆ కొండ మీది శివుడు గోకర్ణేశ్వరుడి దగ్గరే జాగారం చేస్తానంది. బొలెరో మాట్లాడుకుని పిన్ని, బావ, నేను బయల్దేరాం.

కోయిన్‌పూర్ దాటాక ఘాట్ మొదలైంది. డ్రైవరు ఈ కొండల్లోని సవర గిరిజన కుర్రాడు, తెలుగు, ఒరియా రెండూ గడగడా మాట్లాడతాడు. "ఏటి బాబూ, ఇంకా ఎంత దూరం?" అని పిన్ని ప్రతి మలుపులోనూ అడుగుతుంటే, అతను విసుక్కోకుండా "వచ్చేసినాం అమ్మా, బురఖాత్ వచ్చేసినాది" అనేవాడు. పండగ రద్దీకి బళ్ళు కిందే ఆపేశారు. అక్కడి నుంచి నడకే. మా వెనక మందస, సోంపేట వైపు నుంచి వచ్చిన శ్రీకాకుళం జిల్లా జనం, ముందు బరంపురం ఒరియా వాళ్ళు, మధ్యలో నెత్తిన మూటలతో సవర ఆడవాళ్ళు. "హర హర మహాదేవ" అని ఎవరు మొదలుపెట్టినా అందరూ అందుకుంటున్నారు.

పైకి వెళ్తే చెట్లు తగ్గిపోయి గడ్డి మైదానంలా ఉంటుంది. గాలి మాత్రం మామూలుగా లేదు, కప్పుకున్న దుప్పటి నిలవలేదు. అక్కడే విడివిడిగా మూడు గుళ్ళు, భీముడిది, కుంతిది, ధర్మరాజుది. భీముడి గుడిని కాసేపు దగ్గర నిలబడి చూడాలి. చిన్న గుడే, కానీ పేర్చిన రాళ్ళు ఒక్కొక్కటీ ఎంత పెద్దవంటే, ఇవి ఇంత ఎత్తుకి ఎలా చేరాయన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. భీముడి పేరు పెట్టడంలో జనం తప్పేమీ లేదనిపించింది. కుంతి గుడి అనేదే గోకర్ణేశ్వరుడి గుడి. లోపల శివలింగం, బయట వంపు తిరిగిన శిఖరం. లైన్లో చాలాసేపు నిలబడ్డాక దర్శనం అయింది, చెంబుడు నీళ్ళు పోసి బిల్వదళం పెట్టేలోపే "పదండి పదండి" అన్నారు. పిన్నికి అదే చాలు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పాండవుల పేర్లు ఇక్కడికి ఊరికే రాలేదు. భారతం అరణ్యపర్వంలో ధర్మరాజు తీర్థయాత్ర చేస్తూ కళింగంలో వైతరణి దాటి మహేంద్రానికి వస్తాడు. పరశురాముడిని చూడాలంటే అష్టమికో చతుర్దశికో ఆగాలని ఆయన శిష్యుడు అకృతవ్రణుడు చెబితే, చతుర్దశి దాకా ఆగి దర్శనం చేసుకుంటాడు. శివరాత్రి కూడా చతుర్దశే కదా. రాత్రి దీపాల మధ్య కూర్చుని ఈ సంగతి చెబితే పిన్ని ఎంత సంబరపడిందో! పక్కన కూర్చున్న సోంపేట ముసలాయన, హనుమంతుడు లంకకి దూకింది కూడా ఇక్కడి నుంచే అన్నాడు. అది దక్షిణ సముద్రం ఒడ్డున ఉన్న వేరే మహేంద్రం తాతా, ఇది పరశురాముడి మహేంద్రం అని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు, నేనూ ఊరుకున్నాను.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం రాజుల సంగతి. కళింగ రాజులైన తూర్పు గాంగులు శ్రీకాకుళం జిల్లా ముఖలింగం దగ్గరి కళింగనగరం నుంచి ఏలిన రోజుల్లో వేయించిన రాగిశాసనాలు ఈ శివుడితోనే మొదలవుతాయి. మహేంద్రాచలపు నిర్మల శిఖరం మీద వెలసినవాడు, సకల భువనాలనూ నిర్మించిన ఏకైక సూత్రధారి, చంద్రుణ్ణి తలమీద దాల్చిన గోకర్ణస్వామి, ఆయన పాదాలకు మొక్కాకే రాజు తన పేరు చెప్పుకుంటాడు. ఆ తర్వాత అదే వంశపు చోడగంగుడు ఉత్తరానికి రాజ్యాన్ని పెంచి, 12వ శతాబ్దంలో పూరీలో జగన్నాథుడి పెద్ద గుడి మొదలుపెట్టాడు, 13వ శతాబ్దానికి మూడో అనంగభీముడు రాజ్యమే జగన్నాథుడిదని, తాను ఆయన తరఫున ఏలేవాణ్ణని చెప్పుకున్నాడు. కొండ మీది శివుడు అలా వెనక్కి జరిగాడు. ఇవాళ పూరీ రథయాత్రని లోకమంతా చూస్తుంది, ఆ రాజవంశానికి మొదటి దేవుడైన ఈయనకు ఏడాదికి ఒక్క రాత్రి జనం. ఇది నాకు నిజంగా బాధగా అనిపిస్తుంది.

రాజుల కన్నా ముందు ఇక్కడ ఎవరున్నారో మన కథలే ఒప్పుకుంటాయి, అది గమనించండి. పూరీ జగన్నాథుడిని నీలమాధవుడిగా అడవిలో కొలిచింది శబర, అంటే సవర, విశ్వావసుడు. ముఖలింగంలో మధుకేశ్వరుడు వెలసింది సవరలు నరికిన ఇప్పచెట్టులోంచి అని స్థలపురాణం. పూరీ గుడి సేవకులైన దైతపతులు ఆ శబర వంశం వాళ్ళమనే చెప్పుకుంటారు, స్నానయాత్ర తర్వాత దేవుడికి జ్వరం వస్తే దగ్గరుండి చూసుకునేది వాళ్ళే, 2015లో నవకళేబరం, అంటే పాతవాటి చోట కొత్త విగ్రహాలు పెట్టే వేడుక, జరిగినప్పుడు పాత విగ్రహాలను ఖననం చేసి, ఇంట్లో మనిషి పోయినట్టు మైల పట్టింది కూడా వాళ్ళే. కళింగంలో పెద్ద దేవుళ్ళ కథలు ఇలా మళ్ళీ మళ్ళీ సవరల గుమ్మంలోంచే మొదలవుతుంటే, సవరలను మాత్రం మనం "కొండోళ్ళు" అని ఒక పక్కకి నెట్టేశాం. క్యూలో మా ముందు నిలబడిన సవర ఆడమనిషిని వెనకున్న ఒకాయన అలాగే తోశాడు. మా పిన్ని ఊరుకోలేదు. "ఏటయ్యా ఆ తొయ్యడం, ఆవిడ నీకన్నా ముందు రాలేదా?" అని గట్టిగా అడిగింది. ఆయన తలొంచుకున్నాడు.

తెల్లారాక గుడి రాళ్ళు చూస్తూ తిరిగాను. చోళ రాజేంద్రుడి కాలం నాటి సంస్కృత, తమిళ శాసనం ఉంది, దానితోపాటు చోళుల పులి, పాండ్యుల రెండు చేపలు చెక్కి ఉన్నాయి. వెయ్యేళ్ళ కిందట అంత దూరం నుంచి వచ్చి, గెలిచామని ఇంత ఎత్తున రాయించుకున్నారంటే, ఈ కొండకి అప్పట్లో ఎంత పేరుండేదో అర్థమవుతుంది. మన వాళ్ళు అలాంటి రాళ్ళ మీదే కర్పూరం వెలిగించి, పసుపు పూసి పెడుతున్నారు.

తిరుగు దారిలో డ్రైవరు తన మేనమామ ఇంట్లో టీ తాగి వెళ్దామన్నాడు. లోపల ఎర్రమట్టి గోడ మీద తెల్లటి బియ్యప్పిండితో వేసిన బొమ్మ ఉంది. ముందు ఒక చట్రం గీశారు, అది దేవుడి ఇల్లు, లోపల సన్నటి గీతలతో మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్టెక్కే కోతులు, మూలల్లో సూర్యుడు, చంద్రుడు. దాని ముందు ఒక సొరబుర్ర వేలాడుతోంది. ఇడితల్ అంటారు దీన్ని. ఇప్పుడు పట్నాల్లో చీరల మీద, గోడల మీద సవర బొమ్మలని తెగ అమ్ముతున్నారు గానీ, ఇంట్లో ఇది అలంకారం కాదు. జబ్బు చేసినా, పంట చేతికొచ్చినా, పోయినవాళ్ళను తలుచుకోవాలన్నా దేవుడికి, పెద్దలకి చోటు చూపించడానికి వేస్తారు. "మరి వీళ్ళు వచ్చి ఉంటారా అమ్మా ఇందులో?" అని పిన్ని అడిగితే, ఆ ఇంటావిడ "ఉండకపోతే ఎందుకేస్తాం?" అంది. చాలా కుటుంబాలు క్రైస్తవంలోకి వెళ్ళాయి, ఇప్పుడు వేసేవాళ్ళు తగ్గిపోయారని కూడా చెప్పింది.

మన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూనే ఈ సవరల భాష నేర్చుకున్నారు, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. వాడుక భాష గొడవ వల్ల ఆయన్ని తలుచుకుంటాం గానీ, ఈ పని గురించి మా ఊళ్ళో పిల్లలకి ఎవరూ చెప్పరు. బొలెరోలో దిగుతూ బావకి అదే చెప్పాను, వచ్చే శివరాత్రికి వాళ్ళ అబ్బాయిని కూడా తీసుకొస్తానన్నాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళు స్వెట్టర్, టార్చి, తాగే నీళ్ళు మోసుకెళ్ళండి, పైన కొనుక్కోవచ్చులే అనుకోవద్దు. జనం తక్కువున్నప్పుడు చూడాలనుకుంటే శివరాత్రి కాకుండా కార్తీకం తర్వాత చలికాలంలో, తెలిసినవాళ్ళని తోడు తీసుకుని వెళ్ళండి. ప్లాస్టిక్ సంచులు కిందకి తెచ్చేయండి, కర్పూరం ప్రమిదలోనే వెలిగించండి, అక్షరాలున్న రాళ్ళ మీద వద్దు.