బయోగ్యాస్‌కు హైడ్రోజన్ ఎక్కడ కలపాలి?

బర్నర్లు సరిచేయడం నా వృత్తి. ఎవరైనా "గ్యాసులో 20 శాతం హైడ్రోజన్ కలిపాం" అంటే నేను వెంటనే అడిగేది ఒకటే: ఘనపరిమాణంలోనా, వేడిలోనా? ఒక ఘనపు మీటరు మీథేన్ కాలితే దాదాపు 36 మెగాజౌళ్ల వేడి వస్తుంది. అంతే హైడ్రోజన్‌కు 11 కూడా రాదు. బ్రిటన్‌లోని కీల్ విశ్వవిద్యాలయంలో 2019లో మొదలైన హైడిప్లాయ్ ప్రయోగంలో కార్బన్ ఉద్గారాలు తగ్గించాలని సహజవాయువుకు ఘనపరిమాణంలో 20 శాతం వరకూ హైడ్రోజన్ కలిపారు. ఆ పాళ్లలో వేడికి హైడ్రోజన్ అందించేది సుమారు 7 శాతమే.

బయోగ్యాస్ సంగతి వేరు. అందులోని కార్బన్ మొక్కలు గాలిలోంచి తీసుకున్నదే, భూగర్భం నుంచి తవ్వింది కాదు. హైడ్రోజన్ కలిపి దాన్ని "శుభ్రం" చేశామంటే నాకు మింగుడుపడదు. లీకయ్యే మీథేన్ అసలు బెడద. దాన్ని పట్టుకోవడానికి సబ్బునీళ్లు చాలు.

హైడ్రోజన్ నిజంగా పనికొచ్చేది మంటకు. శుద్ధి చేయని బయోగ్యాస్‌లో 40 శాతం దాకా ఉండే కార్బన్ డయాక్సైడ్ తాను కాలదు సరికదా, మంటనూ మందగింపజేస్తుంది. గాలి కాస్త ఎక్కువైతే మంట బర్నర్ మూతిని వదిలి లేచి ఆరిపోతుంది. హైడ్రోజన్ మంట మీథేన్ మంట కంటే ఎన్నో రెట్లు వేగంగా పాకుతుంది కనుక, కొద్దిగా కలిపినా మంట మూతినంటి నిలుస్తుంది. మోతాదు మించితే మాత్రం బర్నర్ లోపలికే దూరుతుంది.

అయినా నన్నడిగితే హైడ్రోజన్‌ను బర్నర్ దాకా తేవడం కంటే డైజెస్టర్‌లోని, అంటే పేడా చెత్తా కుళ్లి బయోగ్యాస్ పుట్టే తొట్టిలోని, సూక్ష్మజీవులకు పెట్టడం మేలు. వాటిలో కొన్ని నాలుగు పాళ్ల హైడ్రోజన్‌ను, ఒక పాలు కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని మీథేన్, నీరు తయారుచేస్తాయి. 1912లో నోబెల్ పొందిన ఫ్రెంచ్ రసాయనవేత్త పాల్ సబాటియే నికెల్‌ను ఉత్ప్రేరకంగా వాడి చేయించిన చర్యే ఇది. 60 పాళ్లు మీథేన్, 40 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఒక ఘనపు మీటరు బయోగ్యాస్‌కు 1.6 ఘనపు మీటర్ల హైడ్రోజన్ ఇస్తే, కాగితం మీది లెక్కలో మీథేన్ 0.6 నుంచి 1కి చేరుతుంది. హైడ్రోజన్ రూపంలో పెట్టిన 17 మెగాజౌళ్లలో 14 మీథేన్‌గా దక్కుతాయి. తక్కినది వేడిగా విడుదలవుతుంది, డైజెస్టర్‌కు వెచ్చదనం ఎలాగూ కావాలి. పొయ్యి, బాయిలర్ మార్చే పని లేదు. చిక్కల్లా హైడ్రోజన్ నీటిలో సరిగా కరగకపోవడమే. సన్నని బుడగలుగా పంపకపోతే జీవుల నోటికి అందకుండానే పైకి పోతుంది.

అదీ మిగులు విద్యుత్తు ఉన్నచోటే. నీటి నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు ఖర్చవుతుంది, తిరిగి వచ్చే వేడి 33 యూనిట్లు. గదులు వెచ్చబరచడమే పని అయితే, అదే కరెంటుతో బయటి వేడిని లోపలికి తోడే హీట్ పంపు నడిపితే, ఖర్చయిన కరెంటుకు దాదాపు మూడింతల వేడి వస్తుంది.