మా మామ .32 పిస్టలుకి స్ప్రింగు మార్పించిన సంగతి

మా ఒంగోలు సైడు లైసెన్సు పిస్టలు ఉన్నోళ్ళు అక్కడక్కడా తగుల్తానే ఉంటారు, చీమకుర్తి క్వారీలోళ్ళు, రొయ్యల చెరువులోళ్ళు, పాత పొగాకు వ్యాపారస్తులు, ఎవురో ఒకరి బీరువా లాకర్లో .32 ఉంటది. కానీ దాన్నొక మిషన్ అనుకునేవాడు మాత్రం నాకు కనపడలా. బైకుకి టైముకి ఆయిలు మార్పిస్తారు, బోరు మోటారుకి బేరింగులు ఏపిస్తారు, పిస్టలుకి మాత్రం దసరాకి ఇంత పసుపు కుంకుమ పెట్టి మళ్ళీ గుడ్డలో చుట్టి లోపల పడేస్తారు, అదే సర్వీసింగు.

మా మామది కూడా అదే బాపతు. లైసెన్సు ఉన్న రేంజిలో (తుపాకీ కాల్చి ప్రాక్టీసు చేసే చోటు) నాలుగు తూటాలు కాల్చి చూసుకుందాం రమ్మని నన్ను తోడు తీసకపోయాడు. రెండు బాగానే పేలినయ్, మూడోదాని ఖాళీ కేసు (తూటా పేలినాక మిగిలే డొప్ప) బయటికి ఎగరకుండా స్లైడుకీ (పిస్టలు పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) బ్యారెల్‌కీ మధ్యలో నిటారుగా ఇరుక్కుంది. అది తీసి మళ్ళీ కాలిస్తే ఈసారి స్లైడు పూర్తిగా ముందుకి పోలా, గోరు మందం సందు ఉండిపోయింది. "తూటాలు పాతవయిపోయినట్టుండాయిరా" అన్నాడు మామ. నాకైతే తూటాల మీద అనుమానం రాలా.

ఎందుకంటే ఈ .32 పిస్టళ్ళ పనితనం చాలా సింపులు. తూటా 7.65 మిల్లీమీటర్లది (.32 అనేది అంగుళాల లెక్క), అమెరికావాడు జాన్ బ్రౌనింగ్ 1899 నాటికి తయారుచేసిన డిజైను, చిన్న తూటా గాబట్టి స్లైడునీ బ్యారెల్‌నీ కలిపి లాక్ చేసే ఏర్పాటు ఏమీ అక్కర్లా. పేలినప్పుడు వెనక్కి తన్నే ఒత్తిడిని ఆపేది రెండే రెండు, స్లైడు బరువు, దాని కిందుండే రికాయిల్ స్ప్రింగు. స్లైడు వెనక్కి వచ్చేటప్పుడు ఎక్స్‌ట్రాక్టరు అనే చిన్న కొక్కెం ఖాళీ కేసు అంచు పట్టుకొని, తూటా కూర్చునే చాంబరులోనించి లాగుద్ది, ఎజెక్టరు అనే చిన్న అడ్డుకి తగిలి అది బయటికి ఎగిరిపోద్ది, తర్వాత ఆ స్ప్రింగే స్లైడుని ముందుకి తోస్తే పోతా పోతా మ్యాగజైనులో (తూటాలు నింపే పెట్టె) పైనున్న తూటాని చాంబరులోకి నెట్టుద్ది. మ్యాగజైను లోపల ఇంకో స్ప్రింగు ఉంటది, అది తూటాని టైముకి పైకి లేపాల. ఇదంతా రెప్ప కొట్టే లోపల అయిపోద్ది, ఇందులో ఏ ఒక్కటి నీరసపడినా ఇరుక్కుంటది. స్లైడు ముందుకి పోలేదంటే స్ప్రింగో, మురికో. కేసు ఇరుక్కుందంటే కొక్కెమో, లేకపోతే పట్టుకోవడంలో తేడానో. మా మామ పిస్టలుని వంకాయ పట్టుకున్నట్టు వదులుగా పట్టుకుంటాడు, మణికట్టు వెనక్కి ఊగిపోతే స్లైడు పూర్తి దూరం నడవదు, అది కూడా ఒక కారణమే అని నా అభిప్రాయం (ఆయన ఒప్పుకోడు).

ఇంటికొచ్చినాక మామ అన్నమాట, "స్ప్రింగే గదా అబ్బయ్యా, మన లేతు షాపోడికిస్తే సాయంత్రానికి చుట్టిచ్చేస్తాడు". ఇక్కడే నేను గట్టిగా గొడవపడ్డా. ఆయుధాల చట్టం 1959లో సెక్షన్ 5 ప్రకారం తుపాకీ తయారీ, అమ్మకమే కాదు, రిపేరు చెయ్యాలన్నా విడిగా లైసెన్సు ఉండాల. అసలు తుపాకీ విడిభాగాలు కూడా చట్టం లెక్కలో ఆయుధాలే. 2019లో సవరణ తెచ్చినాక ఈ సెక్షన్ దాటినోళ్ళకి శిక్ష ఏడేళ్ళ నించి మొదలయ్యి యావజ్జీవం దాకా పోద్ది. మన లేతోడు మంచోడే, వాడి చేతిలో పనుంది, కానీ వాడిని జైలుకి పంపించేంత కోపం మనకేముంది? చట్టం పక్కన పెట్టినా, ఏదో ఒక తీగ చుట్టేస్తే స్ప్రింగు కాదు. మరీ గట్టిదయితే స్లైడు సగం దూరమే వచ్చి మళ్ళీ ఇరుక్కుంటది, మరీ మెత్తనిదయితే స్లైడు ఎనక్కొచ్చి ఫ్రేముని దబదబా కొడతా ఉంటది, కొన్నాళ్ళకి ఫ్రేమే చీలుద్ది.

మద్రాసు పోదామా అనుకున్నాం, నెల్లూరు దాటితే ఎంతసేపు. కానీ మామ లైసెన్సు మీద ఏరియా ఆంధ్రప్రదేశ్ వరకే రాసుంది, బోర్డరు దాటిస్తే అదింకో కేసు. అందుకని మన రాష్ట్రంలోనే రిపేరు లైసెన్సున్న షాపుకి, తూటాలు లేకుండా డబ్బాలో పెట్టుకోని, ఒరిజినల్ లైసెన్సు పుస్తకం జేబులో పెట్టుకోని పోయినాం.

ఆ మిస్త్రీ పెద్దాయన ముందు మ్యాగజైను తీసి, స్లైడు లాగి, చాంబరులో కంటితో చూసి, మళ్ళీ చిటికెనవేలు పెట్టి చూశాకే పని మొదలుపెట్టాడు. ఖాళీ అని మేం చెప్పినా ఇనలా, నాకు అది బాగా నచ్చింది. స్లైడు ఊడదీసి పాత స్ప్రింగుని బల్ల మీద కొత్తదాని పక్కన నిలబెడితే పాతది బొటనవేలి వెడల్పు పొట్టిగా ఉంది, మధ్యలో ఎర్రగా తుప్పు చుక్కలు. ఎలక్షన్ కోడు వచ్చినప్పుడల్లా లైసెన్సు ఆయుధాలు స్టేషన్లో డిపాజిట్ చెయ్యమంటారు గదా, 2024లో మార్చిలో కోడు పడితే జూన్ 4న లెక్కింపు, అన్ని నెలలూ ఆ ఉక్కపోతలో, సముద్రపు గాలిలో, గుడ్డసంచిలో మూటగట్టి పెడితే ఏమవుద్ది మరి. ఇచ్చే ముందు ఆయిలు పూసి ఇవ్వాల్సింది, తెచ్చుకున్నాక తుడవాల్సింది, మామ రెండూ చెయ్యలా.

ఎక్స్‌ట్రాక్టరు కొక్కెం కింద మసి, ఎండిపోయిన ఆయిలు కలిసి బంకలాగా గడ్డకట్టుంది. కొక్కెం అరగలేదు, శుభ్రం చేస్తే చాలన్నాడు. రికాయిల్ స్ప్రింగు, మ్యాగజైన్ స్ప్రింగు రెండూ అదే మోడలువి కొత్తవి ఏశాడు. మ్యాగజైను ఎప్పుడూ నింపి పెట్టడం వల్ల స్ప్రింగు పోయిందా అని అడిగితే, నొక్కి ఉంచితే పోయేది తక్కువ, నొక్కి వదిలి నొక్కి వదిలి చేస్తే అరిగేదే ఎక్కువ, ఇక్కడ మీదంతా తుప్పే అన్నాడు. తర్వాత డమ్మీ తూటాలు పెట్టి చేత్తో స్లైడు లాగి వదిలి చూపించాడు, ఒక్కటి కూడా ఆగలా.

అంతా అయిపోయినాక మామ మెల్లగా "ట్రిగ్గరు కొంచెం తేలిక చెయ్యగలవా సామీ" అన్నాడు. పెద్దాయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. ట్రిగ్గరు లోపల సియర్ అని ఉంటది, తూటాని పేల్చే సుత్తిని పట్టి ఉంచేది అదే, దాని అంచు వెంట్రుకంత అరగదీసినా చేతిలోంచి జారి పడ్డప్పుడు పేలొచ్చు, ఒక్క నొక్కుడికి రెండు మూడు పోవచ్చు, అట్టా వరసగా పేలేది నిషేధిత ఆయుధం కిందకి వస్తది, నేను ముట్టుకోను అని తెగేసి చెప్పాడు.

బిల్లు మీద పిస్టలు నంబరు, లైసెన్సు నంబరు రాయించుకున్నాం. మళ్ళీ రేంజికి పోతే ఖాళీ కేసులన్నీ కుడిపక్కకే ఒకే కుప్పగా పడ్డయ్, ఒక్కటీ ఇరుక్కోలా. ఇంకోమాట, .32 అని రాసుంది గదా అని రివాల్వరు తూటాలు కొనబాకండి, రివాల్వరు .32 వేరు, పిస్టలు .32 వేరు, మా మామ తమ్ముడు డబ్బా కొనుక్కొచ్చి ఇప్పుడు తిరిగిచ్చేదానికి షాపు చుట్టూ తిరుగుతా ఉన్నాడు.