మూఢంలో కొన్న గ్రాఫిక్స్ కార్డు

పెళ్ళికొడుకు మంగళసూత్రం చేతిలోకి తీసుకున్నాడు. గట్టిమేళం అందుకుంది. సరిగ్గా అక్కడ నా కంప్యూటర్ ఠక్కున ఆరిపోయింది. కరెంటు పోలేదు, పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది, యూపీఎస్ కూత కూడా పెట్టలేదు. మళ్ళీ ఆన్ చేసి, ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా మార్చే ఎక్స్‌పోర్ట్ మొదలుపెట్టాను. కన్యాదానం దాటింది, జీలకర్ర బెల్లం దాటింది, మాంగల్యధారణ దగ్గర మళ్ళీ అదే పని. మూడోసారీ అంతే. టీ తెచ్చిన మా ఆవిడ కాసేపు చూసి, "ఈ సంగతి ఆ పెళ్ళివారికి మాత్రం చెప్పకండి" అని వెళ్ళిపోయింది.

నేను అనంతపురంలో శుభకార్యాల వీడియోలు తీస్తాను. గడియార స్తంభం నుంచి నడిచిపోయేంత దూరంలో మేడ మీద ఒక గది. ఎడిటింగ్ అంతా అక్కడే. అందులో ఉన్నది ఏదో ఆఫీసులో వాడి వదిలేసిన చిన్న డెస్క్‌టాప్. నాలుగేళ్ళ కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఐ5 6500 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, పెద్ద పెళ్ళి ఆల్బం అంత లావున్న క్యాబినెట్. నిన్నమొన్నటి దాకా నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. కష్టం కొత్త కెమెరాతో వచ్చింది. అది 4కే దృశ్యాన్ని 10 బిట్ల హెచ్ 265 అనే కుదింపు పద్ధతిలో రికార్డు చేస్తుంది. నా ప్రాసెసర్‌లోని వీడియో భాగానికి 8 బిట్ల హెచ్ 265 బాగానే తెలుసు, 10 బిట్లు వస్తే ఆ బరువంతా నాలుగు కోర్ల నెత్తిన పడుతుంది. టైమ్‌లైన్ మీద పెళ్ళికూతురు నాలుగడుగులు వేయడానికి అరనిమిషం పట్టేది.

అందుకే ఆ బరువు మోసే గ్రాఫిక్స్ కార్డు మీద మనసు పడింది. ధర్మవరంలో స్టూడియో ఉన్న మిత్రుడు తన పాత కార్డు ఇచ్చాడు. అది 120 వాట్లది. దానికి ఆరు పిన్నుల కరెంటు తీగ విడిగా కావాలి, కంప్యూటర్‌కు లోపల కరెంటు పంచే నా ఎస్‌ఎంపీఎస్ డబ్బాలో అలాంటి తీగ లేదు. ఊళ్ళోని ఒక దుకాణంలో అడిగితే హార్డ్ డిస్క్‌కు వెళ్ళే సాటా తీగ నుంచి ఆరు పిన్నులకు మార్చే వైరు చేతిలో పెట్టారు. కార్డు పొడుగ్గా ఉండి క్యాబినెట్‌లో పట్టలేదు. మూత తీసి, కార్డుకున్న ఇనుప పట్టీ విప్పి, ఎలాగో స్లాట్‌లో గుచ్చాను. ఆ ఘనకార్యానికి ఫలితమే మాంగల్యధారణ దగ్గరి చీకటి. అక్షింతలు పడే ఆ ఘట్టంలోనే స్లో మోషన్, రంగుల దిద్దుబాటు, రెండు కెమెరాల దృశ్యాలు ఒకదాని మీద ఒకటి, ఆ పైన రాలే పూలు, అన్నీ కుమ్మరించాను. మొత్తం వీడియోలో కంప్యూటర్‌కు అన్నిటికంటే ఎక్కువ ఆకలి వేసే చోటు అదే.

ఆ కార్డు తీసి తిరిగి ఇచ్చేశాను. అంతలో శుక్ర మూఢం వచ్చింది. ముహూర్తాలు లేవు, చేతిలో పని లేదు. ఏడాదిలో ఇంత తీరిక మళ్ళీ దొరకదని, ఈసారి గుడ్డిగా కాకుండా లెక్క చూసుకుని కొందామనుకున్నాను.

ముందు ఊళ్ళోనే అడిగాను. సుభాష్ రోడ్డులో ఒకరు, కమలానగర్‌లో ఇద్దరు, ముగ్గురిదీ ఒకటే మాట: "ఎస్‌ఎంపీఎస్ మార్చేయండి అన్నా, 550 వాట్లది వేద్దాం, ఇక ఏ కార్డైనా నడుస్తుంది." మార్చే వీలుంటే నేనూ ఆ మాటే వినేవాణ్ణి. అసెంబుల్ చేసిన కంప్యూటర్లకు అది మంచి సలహా. కానీ ఇలాంటి కంపెనీ డెస్క్‌టాప్‌లలో ఎస్‌ఎంపీఎస్ సన్నగా, ఆ పెట్టెకే కొలత తీసి కుట్టినట్టు ఉంటుంది. మదర్‌బోర్డుకు వెళ్ళే ప్లగ్గు కూడా మామూలు 24 పిన్నులది కాదు. అది మార్చాలంటే క్యాబినెట్ మార్చాలి, క్యాబినెట్ మారిస్తే అందులో ఈ మదర్‌బోర్డు కూర్చోదు. ముక్కుపుడక కోసం ముక్కు మార్చుకున్నట్టు ఉంటుంది.

జేఎన్‌టీయూలో చదివే మా మేనల్లుడు ఆదివారం వచ్చాడు. కార్డుల పేర్లు చెప్పడం మొదలుపెడతాడనుకుంటే, క్యాబినెట్ మూత తీసి ఎస్‌ఎంపీఎస్ మీద చీటీ చదివాడు. "మొత్తం 210 వాట్లు మామా. 12 వోల్టుల వైపు 16 ఆంపియర్లు. అంటే 192 వాట్లు. ప్రాసెసర్, కార్డు తినేది ఇందులోనే." ఒక కాగితం తీసుకుని రాశాడు. ప్రాసెసర్ 65. మిత్రుడిచ్చిన కార్డు 120. అక్కడికే 185. బోర్డు, ర్యామ్, రెండు డిస్కులు, ఫ్యాను కలిపి ఇంకో 30 వేసుకుంటే 215. ఎస్‌ఎంపీఎస్ శక్తికి మించిపోయింది. అది తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయింది, అంతే.

సాటా వైరు సంగతి వింటే నాకు ఇప్పటికీ అరచేతులు చెమర్చుతాయి. సాటా ప్లగ్గులో 12 వోల్టులకు ఉన్నవి మూడు పిన్నులు. ఒక్కో పిన్ను మోయగలిగేది 1.5 ఆంపియర్లు. మూడూ కలిపి 54 వాట్లు. ఆరు పిన్నుల తీగ ద్వారా కార్డు 75 వాట్ల దాకా అడగవచ్చు. మోతాదు మించిన ఆ కరెంటుకు వేడెక్కేది ఆ చిన్న ప్లాస్టిక్ ప్లగ్గే. కంప్యూటర్ ఆరిపోయింది కాబట్టి సరిపోయింది. ఆరిపోకుండా నడిచి ఉంటే ఆ గదిలో నేను దాచిన ఎన్ని పెళ్ళిళ్ళు కాలిపోయేవో.

విడి తీగ లేకుండా, కేవలం మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డు తీసుకోగలిగేది ఎక్కువలో ఎక్కువ 75 వాట్లు. కొన్ని పాత చిన్న డెస్క్‌టాప్‌లలో తయారీదారులు దాన్ని ఇంకా తగ్గించి పెట్టారు. అందుకే నా మోడల్ సర్వీస్ పుస్తకం దించుకుని చూశాను. నాదానికి 75 ఉంది. అక్కడితో నా వెతుకులాటకు కంచె పడింది. 75 వాట్ల లోపు, తీగ అక్కర్లేనిది, పొట్టిది. ఎంత డబ్బుంది, ఎంత వేగం కావాలి అన్నవి కంచె లోపలికి వచ్చాకే.

కంచె లోపల ఉన్నవి తక్కువే, కానీ ప్రతిదానికీ ఏదో ఒక మెలిక. జీటీ 1030 అయితే 30 వాట్లే, చూడగానే ముచ్చటేసింది. కానీ దానిలో వీడియో ఎన్‌కోడర్, అంటే వీడియోను కుదించి ఫైలుగా మార్చే భాగం, లేదు. నాలాంటివాడికి అది నోరులేని పురోహితుడు. పైగా అదే పేరుతో జీడీడీఆర్5 మెమరీది ఒకటి, డీడీఆర్4ది మరొకటి ఉన్నాయి; రెండోది చాలా నెమ్మది. ఆర్‌ఎక్స్ 6400 కూడా మంచిదే అనిపించింది. 53 వాట్లు, పొట్టి, సన్నం. అందులోనూ ఎన్‌కోడర్ లేదు. అదీ కాక బోర్డుతో డేటా ఇచ్చిపుచ్చుకునే దారుల్లో (లేన్లు) నాలుగింటి మీదే నడుస్తుంది. నాది పాత తరం పీసీఐఈ 3.0 స్లాట్ ఉన్న బోర్డు కాబట్టి ఆ దారి సగానికి సగం ఇరుకు. ఆటలాడే కుర్రాడికి ఎన్‌కోడర్ లేకపోవడం పెద్ద లోపం కాకపోవచ్చు.

ఇంటెల్ ఆర్క్ ఏ380 దగ్గర రెండు రోజులు ఆగాను. 75 వాట్లు, 6 జీబీ మెమరీ, ఏవీ1 అనే కొత్త కుదింపు పద్ధతిలో ఎన్‌కోడ్ చేయగల సత్తా. అయితే అది సరిగా పనిచేయాలంటే కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే రీసైజబుల్ బార్ అనే సదుపాయం బోర్డులో ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో పదో తరం నుంచి అని ఇంటెల్ వారే చెబుతున్నారు. నాది ఆరో తరం. జీటీఎక్స్ 1050 టీఐ పాతవి చవగ్గా దొరుకుతున్నాయి. 2016 నాటి కార్డు, 75 వాట్లు, ఎన్‌కోడర్ ఉంది. కానీ ఆ తరానికి మామూలు డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగాయి. జీటీఎక్స్ 1650 మీద దాదాపు నిర్ణయానికి వచ్చాను. అది కూడా 75 వాట్లదే, అయినా మార్కెట్లో కనిపించే వాటిలో చాలావాటికి తయారీదారులు ఆరు పిన్నుల సాకెట్ తగిలించారు. లేని పొట్టి రకం దొరికింది గాని బిల్లు లేదు, వారంటీ లేదు, లోపల ఫ్యాను మీద వేలెడు మందాన దుమ్ము.

చివరికి మిగిలింది ఆర్‌టీఎక్స్ 3050, అందులోనూ 6 జీబీది. 2024 ఫిబ్రవరిలో వచ్చింది. 70 వాట్లు, తీగ లేని పొట్టి రకం దొరుకుతుంది. మేనల్లుడు మూడుసార్లు చెప్పాడు: "8 జీబీది వద్దు మామా, అది వేరే." పేరు ఒకటే కానీ ఆ 8 జీబీది 130 వాట్లు తింటుంది, దానికి విడి తీగ కావాలి. అన్నదమ్ములకు ఒకే పేరు పెట్టినట్టు ఈ కంపెనీల ఆలోచన ఏమిటో నాకు అర్థం కాలేదు.

వాట్లు కుదిరినా పెట్టెలో పట్టాలి కదా. పొట్టి కార్డు ఎత్తు సుమారు 69 మిల్లీమీటర్లు, మామూలుది 111. రెండు స్లాట్ల మందం అంటే దాదాపు 40. బీరువాలో మిగిలిపోయిన ఒక మందపాటి శుభలేఖ తీసి ఆ కొలతకు కత్తిరించి, మడిచి, అతికించి, కార్డు ఆకారం చేశాను. స్లాట్ దగ్గర నిలబెట్టి చూస్తే ఎత్తు సరిపోయింది, పక్కన ఎస్‌ఎంపీఎస్‌కు ఇంకా వేలు పట్టేంత చోటు ఉంది. పొడుగులో మాత్రం హార్డ్ డిస్క్ తట్టకు ఆనుతోంది. డిస్కును పైఅరలోకి మార్చాను. ఆ అట్ట మీద "చి. ల. సౌ." అన్న అక్షరాలు సగం తెగి కనబడుతుంటే మా ఆవిడకు నచ్చలేదు.

మా ఊళ్ళో ఆ పొట్టి రకం లేదు. తెప్పిస్తామన్నారు గాని ఎప్పటికో చెప్పలేదు. తెల్లవారుజామున బస్సెక్కి బెంగళూరు వెళ్ళాను. టౌన్‌హాల్ దగ్గరి ఎస్పీ రోడ్డు అంటే మనవాళ్ళలో తెలియనివారు తక్కువ. ఆ రోడ్డు పూర్తి పేరు సదర్ పత్రప్ప రోడ్డు అని ఆ రోజే బోర్డు చూసి తెలుసుకున్నాను. నాలుగో దుకాణంలో దొరికింది. అతను తెలుగులోనే మాట్లాడాడు. "మీ ఎస్‌ఎంపీఎస్ ఎంతది సార్?" అని అడిగాడు. 210 అన్నాను. కార్డు పెట్టె తిప్పి చూపించాడు: 300 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని సూచన.

అక్కడ కాస్త గుండె జారింది. పెద్ద ప్రాసెసర్, నాలుగు డిస్కులు ఉన్నవాళ్ళకు కూడా సరిపోయేలా, నాసిరకం ఎస్‌ఎంపీఎస్‌లను కూడా లెక్కలో పెట్టుకుని వేసే అంకె అది. నా కాగితం ప్రకారం 65, 70, 30 కలిపితే 165. అందరినీ ఇలా చేయమని చెప్పను. ఎవరికైనా పెట్టె మీది మాట వినడమే క్షేమం. నేను మాత్రం నా కాగితాన్ని నమ్మాను. 18 శాతం జీఎస్టీతో బిల్లు తీసుకుని, మూడేళ్ళ వారంటీ ముద్ర వేయించుకుని సాయంత్రం బస్సెక్కాను. దారి పొడవునా ఆ పెట్టె ఒళ్ళోనే ఉంది.

బిగించడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. గోడ ప్లగ్గుకు పెట్టుకునే వాట్ల మీటరు ఒకటి ముందే కొన్నాను. కార్డు లేనప్పుడు కంప్యూటర్ ఊరికే ఉంటే 24, పూర్తి పనిలో 88 చూపించేది. ఇప్పుడు ఊరికే ఉంటే 33. సరే, ఆ పాత పెళ్ళి తెరిచాను. మేనల్లుడు మీటరు దగ్గర కూర్చున్నాడు, నేను తెర దగ్గర. కన్యాదానం 121. జీలకర్ర బెల్లం 134. మంగళసూత్రం పైకి లేచింది. "149, 155, 158" అని చదువుతున్నాడు. మూడు ముళ్ళూ పడ్డాయి. తలంబ్రాలు మొదలయ్యాయి. 158 దాటలేదు. గోడ దగ్గర 158 అంటే ఎస్‌ఎంపీఎస్ లోపల ఇచ్చేది అంతకంటే తక్కువే. నా 600 వీఏ యూపీఎస్ కూడా నిశ్చింతగా ఉంది; అది మోయగలిగేది 360 వాట్లు.

రాత్రి పెట్టి పొద్దున చూసుకునే ఎక్స్‌పోర్ట్ ఇప్పుడు భోజనం చేసి వచ్చేలోగా అయిపోతోంది. ఒక్క కెమెరా అమరిక మాత్రం మార్చుకోవలసి వచ్చింది: రంగుల అమరిక 4:2:2లో తీస్తే హెచ్ 265ను ఈ కార్డు కూడా నేరుగా విప్పలేదు, 4:2:0 అయితే నీళ్ళు తాగినట్టు తాగేస్తుంది. చిన్న ఫ్యాన్లు కదా, పని ఎక్కువైతే తుమ్మెదలా రొద చేస్తుంది. మా ఊరి ఏప్రిల్ ఎండల్లో ఆ పెట్టె ఎలా ఉంటుందో చూడాలి. అప్పటికి మూత తీసి పక్కన టేబుల్ ఫ్యాను పెట్టే ఆలోచన ఉంది.

ఒకటి మరిచిపోయాను. నా రెండో మానిటర్ పాతది, వీజీఏ తప్ప ఎరగదు. కొత్త కార్డుకు ఆ రంధ్రమే లేదు. కన్వర్టర్ కోసం మళ్ళీ కమలానగర్ దుకాణానికే వెళ్ళాను. అతను గుర్తుపట్టి నవ్వాడు.

"కార్డు వేశారా అన్నా? ఎస్‌ఎంపీఎస్ ఎంతది పెట్టారు?"

"పాతదే. 210."

కన్వర్టర్ కాగితంలో చుడుతున్నవాడు ఆగాడు. మీటరు సంగతి, 158 సంగతి చెప్పాను. నమ్మినట్టు లేడు. డబ్బులు తీసుకుని, చిల్లర ఇస్తూ, "ఆ మీటరు ఒకసారి తెచ్చి చూపిస్తారా?" అన్నాడు.