బస్సులో వైరు మాడిన వాసన
బరంపురం నుంచి పర్లాకిమిడి బస్సు. ఎక్కడో వైరు మాడుతున్న వాసన. అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. పక్కాయన కిటికీ అద్దం ఇంకాస్త జరిపి మళ్లీ ఫోన్లో పడ్డాడు.

వెనక సీటు ముసలమ్మ కొంగు ముక్కుకి అడ్డంపెట్టుకుని, సగం ఒడియా సగం తెలుగులో డ్రైవర్‌ని కేకేసింది. అంతే, బస్సంతటికీ నోరొచ్చేసింది!

1968లో లాటానె, డార్లీ అనే సైకాలజిస్టులు, ఫారాలు నింపుతున్నవాళ్ల గదిలోకి పొగ వదిలి చూశారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది బయటికెళ్లి చెప్పారు. ఏమీ పట్టనట్టు నటించే ఇద్దర్ని పక్కన కూర్చోబెడితే 10 శాతమే. మిగతావాళ్లు దగ్గుతూ, కళ్లు నలుపుకుంటూ ఫారం నింపుతూనే ఉన్నారు.

పక్కవాడు తాపీగా ఉంటే ఏమీ లేదనుకుంటాం. వాడేమో మనల్ని చూసి అదే అనుకుంటాడు.

ముసలమ్మకి కళ్లు ఆనవు. ఎక్కేటప్పుడు బస్సు బోర్డు ఎవరిచేతో చదివించుకుంది. మా మొహాలు కనబడి ఉంటే ఆవిడా ఊరుకునేదేమో!