రెండో బంతి

పదకొండున్నర దాటింది. పొద్దున్నే లేచి చిన్నదాని చార్టు పూర్తి చేయించాలి. అయినా నిద్ర రావడం లేదు. కారణం ఒక్క మాట. "భయపడితే అంతే మేడమ్." సాయంత్రం ఆరుంబావుకు విన్నాను, ఇంకా చెవిలోనే ఉంది.

అన్నది మా పూల్ పార్లర్‌లో పక్క టేబుల్ ఆయన. ఆయన గురించి ఇదివరకు కూడా రాశాను. తన వంతు లేనప్పుడల్లా మా టేబుల్ దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడతారు. నేను వంగి క్యూ కర్ర సరిచేసుకోగానే "కొంచెం పైకి కొట్టండి" అంటారు. నారాయణగూడలో ఆ పార్లర్ మెట్లెక్కి వచ్చే ఆడవాళ్లం ఇద్దరమే. మిగతా కుర్రాళ్లెవరికీ ఆయన ఇలా సలహా ఇవ్వగా నేను చూడలేదు. నాకు ఆట నేర్పే మాస్టారు పక్కనే ఉన్నా అంతే. ఆ పెద్దాయన రైల్వేలో ఉద్యోగం చేసినన్నాళ్లూ స్నూకర్ ఆడారు, రిటైరయ్యాక న్యూజెర్సీలో కొడుకు దగ్గర ఉన్న ఆరు నెలల్లో స్ట్రెయిట్ పూల్ నేర్చుకుని వచ్చారు. చెప్పిన బంతిని చెప్పిన పాకెట్‌లో వేస్తే ఒక పాయింటు, అదే ఆ ఆట. ఆయనే నోరు మెదపకుండా కూర్చుంటే, ఈయనకు అంత తొందర ఎందుకు?

జరిగింది చెబుతాను. యాభై పాయింట్లకు ఆట. మాస్టారు 38, నేను 24. టేబుల్ మీద తొమ్మిది బంతులున్నాయి. అందులో ఐదు కింది చివర గుంపుగా ఇరుక్కుని ఉన్నాయి. విడిగా ఉన్నవాటిలో పాకెట్ దారి కనిపించేది ఎర్ర చారల బంతికి ఒక్కదానికే, అదీ పక్క పాకెట్‌కు, బాగా ఏటవాలుగా కొట్టాలి. పదిసార్లు కొడితే నాకు నాలుగుసార్లు పడుతుంది. తప్పితే క్యూతో కొట్టే తెల్ల బంతి టేబుల్ నడిమధ్యన ఆగుతుంది, మాస్టారికి అరిటాకు వేసి వడ్డించినట్టే. అందుకని "సేఫ్టీ" అని చెప్పాను, అంటే బంతి వేయకుండా, అవతలివారికి దెబ్బ దొరకని చోట తెల్లదాన్ని వదలడం. గుంపు అంచున ఉన్న నీలం బంతిని తెల్లది పలచగా రాసుకుంటూ వెళ్లి, టేబుల్ అంచు పట్టీలు, అంటే కుషన్లు, రెండింటికి తగిలి, పై చివరకు తిరిగి రావాలి. వచ్చింది! పై కుషన్‌కు వెంట్రుకవాసి దూరంలో ఆగింది. అక్కడి నుంచి కొట్టాలంటే వేళ్లు చెక్క అంచు మీద ఆనించుకుని, బంతి నెత్తిన మాత్రమే కొట్టగలరు. రెండు నెలలుగా సాధన చేస్తున్న దెబ్బ అది. గుండె ఒక్కసారి నిండిపోయింది.

అప్పుడు చూశాను నీలం బంతిని. గుంపులోంచి ఊడి, దొర్లుకుంటూ వెళ్లి, కుడి మూల పాకెట్‌కు జానెడు దూరంలో నిలబడింది.

మాస్టారు టేబుల్ ఆ చివర నుంచి ఈ చివరకు నెమ్మదిగా కొట్టారు. నీలం పడింది. తెల్లది వెళ్లి గుంపును తాకి విడగొట్టింది. ఇక ఆయన ఆగలేదు. ఎనిమిది వేసి, ఒక్కటి మిగలగానే పడిన పద్నాలుగూ మళ్లీ పేర్చి, ఇంకో నాలుగు వేసి, వరసగా పన్నెండుతో యాభై చేశారు. పక్క టేబుల్ ఆయన తల అడ్డంగా ఊపి, "ఆ ఎర్రది కొట్టాల్సింది. భయపడితే అంతే మేడమ్" అన్నారు. నలుగురూ తిరిగి చూశారు. అంతటితో ఊరుకున్నారా, "మోస్కోనీ 526 వేసింది సేఫ్టీలు ఆడి కాదు కదా" అని ఒకప్పటి అమెరికన్ చాంపియన్ పేరు కూడా ఎత్తారు.

మెట్రోలో వస్తున్నంతసేపూ ఆయనకు జవాబులు చెబుతూనే ఉన్నాను. నారాయణగూడ నుంచి ఎంజీబీఎస్ వరకు ఒక జవాబు, అక్కడ రైలు మారాక దిల్‌సుఖ్‌నగర్ వరకు ఇంకో జవాబు. అయ్యా, విల్లీ మోస్కోనీ 1954లో ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 526 వేసిన మాట నిజమే. 2019లో జాన్ ష్మిట్ 626 వేసి దాన్ని దాటాడు. కానీ అవి వరసలు, ఒక్కటీ తప్పకుండా వేసిన బంతుల లెక్కలు. వరస సాగుతున్నంతసేపూ అవతలి మనిషి కుర్చీలోంచి లేవడు. సేఫ్టీ అవసరమయ్యేది ఆ వరస తెగబోయే చోట. అసలు ఈ ఆట మొదలయ్యేదే సేఫ్టీతో. పదిహేను బంతులూ పేర్చి ఉండగా మొదటి దెబ్బ కొట్టేవారు చెప్పిన బంతిని చెప్పిన పాకెట్‌లో వేయాలి, లేదంటే తెల్లదాన్నీ, ఇంకో రెండు బంతులనూ కుషన్‌కు తగిలించాలి. రెండూ చేయకపోతే రెండు పాయింట్లు పోతాయి. అందుకే తెలిసినవాళ్లు ర్యాక్‌ను బద్దలు కొట్టరు. మూల బంతిని రాసుకుంటూ పోనిచ్చి, తెల్లదాన్ని తిరిగి పై కుషన్‌కు తెచ్చుకుంటారు. దాన్ని కూడా భయం అంటారా?

ఇంకో సంగతి కూడా ఆయనకు చెప్పాలనిపించింది. మొన్న జూన్‌లో మాస్టారు నా కళ్లముందే కావాలని ఫౌల్ చేశారు. తెల్లదాన్ని క్యూ కొసతో అంగుళం కదిపి, "ఒక పాయింటు తీసెయ్యమ్మా" అన్నారు. నాకు అన్యాయంగా తోచింది, అదేం ఆట అని అడిగాను. "ఇక్కడి నుంచి కొడితే పది పోతాయి. ఒకటి ఇచ్చుకోవడం నయం. వరసగా మూడోసారి చేస్తే మాత్రం ఇంకో పదిహేను పోతాయి, అది గుర్తుపెట్టుకో" అన్నారు. ఎప్పుడు ఎంత పోగొట్టుకోవాలో లెక్క తెలిసిన మనిషిని పిరికివాడు అనగలమా?

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. బీరకాయ పచ్చడి కలుపుకుంటూ "ఏదో అన్నాడులే, అంత కోపం ఎందుకు" అన్నారు. ఆ మాటకు ఇంకా మండింది. గిన్నెలు కడుగుతుంటే అమ్మమ్మ గుర్తొచ్చింది.

భువనగిరి దగ్గర అమ్మమ్మ వాళ్ల ఇంటి అరుగు రాయి మీద పులిజూదం గీతలు చెక్కి ఉండేవి. తాతయ్య నాన్నగారి కాలం నాటివట. పెద్ద త్రిభుజం, దాని మీద అడ్డగీతలు. నడుమ గీతల్లో మట్టి చేరితే అమ్మమ్మ చీపురు పుల్లతో గీరి శుభ్రం చేసేది. పులులు మూడు, పలుగురాళ్లు. మేకలు పదిహేను, చింతగింజలు. నాకు ఎప్పుడూ పులులే కావాలి. మేకను దూకి చంపడంలో ఉన్న సంబరం ఇంకెక్కడా లేదు ఆ వయసులో. అమ్మమ్మ ఎప్పుడూ మేకలే తీసుకునేది. తమలపాకు ఈనె తీస్తూ, సున్నం రాస్తూ, తీరిగ్గా ఒక్కో గింజ పెట్టేది. నేను మొదట్లో మూడో నాలుగో తినేసేదాన్ని. గెలిచేశానని అరుగు దిగి వీధిలో ఓ చుట్టు పరుగెత్తి వచ్చేదాన్ని. తీరా చూస్తే పులులు కదిలేందుకు చోటు ఉండేది కాదు. మూడు తెల్లరాళ్లూ గోధుమరంగు గింజల నడుమ బిగుసుకుని ఉండేవి. అమ్మమ్మ ఏమీ అనేది కాదు. గింజలు ఏరి చెంగులో పోసుకుని "ఇంకో ఆటా?" అనేది, అంతే.

ఒకసారి ఏడ్చి, కాలితో అన్నీ చెల్లాచెదురు చేశాను. నాకు ఎనిమిదేళ్లుంటాయేమో. గింజలు కాలవ పక్కకు ఎగిరిపడ్డాయి. అమ్మమ్మ తిట్టలేదు, కొట్టలేదు. అన్నీ ఏరుకు రమ్మంది. చీకటి పడేదాకా వెతికితే పద్నాలుగు దొరికాయి. పదిహేనోది దొరకలేదు. అమ్మమ్మ ఇటుక పెంకు ఒకటి తీసుకుని, అంచులు అరుగుకు రాసి గుండ్రం చేసి, గింజల్లో కలిపింది. ఆ తర్వాత ఎన్నేళ్లు ఆడినా ఆ ఇటుక మేకతోనే ఆడాము. వేలికి ఎర్రపొడి అంటేది.

నా పక్షాన సాక్ష్యం దొరికిందనిపించింది. చూడండి, అమ్మమ్మ ఏనాడూ పులి పట్టలేదు, ఆమెది భయమా అని రాసి ఇది ముగిద్దామనే కూర్చున్నాను. కానీ ఇక్కడి దాకా రాశాక ఆమె చేయి కళ్లముందు మెదిలింది. గింజ పెట్టే ముందు అమ్మమ్మ ఒక పని చేసేది. పులి దూకితే ఎక్కడ వాలుతుందో ఆ గీతల కూడలి మీద చూపుడువేలు ఆనించి ఒక్క క్షణం ఆగేది. ఆ తర్వాతే చేతిలోని గింజ పెట్టేది, చాలాసార్లు ఆ వేలు ఉన్న చోటే. ఆమె చూపు మేక మీద ఉండేది కాదు, పులి మీద ఉండేది.

నేను ఈ సాయంత్రం ఎటు చూశాను? తెల్లదాన్నే చూశాను. అది ఎక్కడ దాక్కుంటుంది, ఏ కుషన్‌కు ఆనుకుంటుంది, అదొక్కటే ఆలోచన. వంగినప్పుడు నీలం బంతి నాకు రాసుకుపోవడానికి దొరికిన అంచు మాత్రమే. తగిలాక అది కూడా కదులుతుందన్న ఊహే రాలేదు. చేయి బిగిసింది కాబట్టే అనుకున్నదానికంటే మందంగా తగిలింది. సేఫ్టీ నేర్పిన మొదటి రోజే మాస్టారు చెప్పారు, పుస్తకంలో తేదీ వేసి రాసుకున్నాను కూడా: "రెండు బంతులు కదులుతాయమ్మా. రెండింటికీ చోటు అనుకుని కొట్టు." ఒక్కదానికే అనుకున్నాను.

అంటే ఆయన అన్న మాట నిజమే. భయపడ్డాను. కాకపోతే ఎర్రది కొట్టకపోవడం కాదు భయం. ఆ స్థితిలో ఇప్పటికీ సేఫ్టీనే ఆడతాను. నేను దాక్కుంటే చాలనుకోవడం భయం. ఆయనకు అది తెలియదు. తెలియకుండానే సరైన మాట అన్నారు, అందరి ముందూ అన్నారు. ఆ కోపం అలాగే ఉంది, తగ్గించుకోవాలనీ లేదు.

చార్టులో మిగిలిన ముక్క వెనక టేబుల్ గీసి, తొమ్మిది బంతులూ పెట్టి చూస్తున్నాను. ఎనిమిదింటి చోట్లు బాగానే గుర్తున్నాయి. నీలం దగ్గరే చిక్కు. అది వెనక పసుపు బంతిని ఆనుకుని ఉందా, మధ్యలో సందు ఉందా? ఆనుకుని ఉంటే ఎంత పలచగా తగిలినా అది అటే పోయేది, నేను ఇంకో బంతిని ఎంచుకోవాల్సింది. సందు ఉంటే తప్పు నా చేతిదే. ఎంత తలచుకున్నా అక్కడ ఏమీ కనిపించడం లేదు. శనివారం మాస్టారిని అడగాలి. ఆయనకు గుర్తుంటుంది.