గాలికోత నుంచి పొలాన్ని కాపాడుకున్న తీరు: నా అనుభవం

నాది ఇసుకపాలు ఎక్కువగా ఉన్న తేలిక నేల. పంట తీసి దున్నిన తరువాత గాలి లేచినప్పుడల్లా మన్ను కొట్టుకుపోయి కంచె వెంట మేట వేసేది. ఆ మేటలో చెయ్యి పెడితే గరుకు ఇసుకే తగిలేది; సారమున్న మెత్తటి మన్ను అప్పటికే ధూళిగా లేచిపోయేది. లేత మొలకల ఆకులు ఇసుక తాకిడికి గీసుకుపోయి, అంచులు ఎండిపోయేవి.

మన్ను ఎలా కదులుతుందో తెలిశాక నివారణ మార్గం స్పష్టమైంది. సుమారు 0.1 నుంచి 0.5 మిల్లీమీటర్ల రేణువులు గాలికి నేలమీద గంతులు వేస్తూ పోతాయి, అవి పడిన చోటల్లా నేల పైపొరను పగలగొట్టి సన్నని ధూళిని లేపుతాయి. ఈ గంతులు చాలావరకు నేలకు 30 సెంటీమీటర్ల లోపే సాగుతాయి కనుక, అడ్డు కూడా ఆ ఎత్తులోనే ఉండాలి.

అందుకే మొదట కొయ్యకాళ్ళను, అంటే కోత తరువాత నేలలో మిగిలిన పైరు మొదళ్ళను, దున్నకుండా నిలిపి ఉంచాను. పడిపోయిన చెత్త కన్నా నిలిచిన మోడు గాలి వేగాన్ని బాగా తగ్గిస్తుంది. నేల ఎంత కప్పబడిందో చూడడానికి 100 ముడులు వేసిన తాడును సాళ్ళకు ఐమూలగా పరచి, చెత్త తగిలిన ముడులను లెక్కించేవాణ్ణి. ముప్పైకి తగ్గిన చోట పశువుల మేతను ఆపించాను. మేత విషయంలో ఇంట్లో ఒప్పించడమే, నిజానికి, అన్నిటికన్నా కష్టమైన పని.

దున్నక తప్పని భాగంలో రోటవేటర్ (తిరిగే కత్తులతో దున్నే యంత్రం) వాడలేదు. అది మట్టిని పిండి చేస్తుంది; గాలి కదిలించలేని బెడ్డలు పైన మిగలాలి. నేలలో కాస్త పదును ఉండగానే, గాలి వచ్చే దిక్కుకు అడ్డంగా బోదెలు (మట్టి గట్లు) తోలాను.

గాలికి అడ్డుగా నాటే చెట్ల వరుసకు అందరూ మొదటి స్థానం ఇస్తారు గాని, అది పెరిగేదాకా పొలాన్ని కాచేది కొయ్యకాళ్ళే. చెట్టు ఎత్తుకు దాదాపు పది రెట్ల దూరం వరకు రక్షణ బాగా ఉంటుంది. గోడలా దట్టంగా పెంచితే వెనుక సుడులు లేస్తాయి కనుక, సగం గాలి వడపోసినట్టు దూరిపోయేలా నాటాను. చచ్చిన మొక్కల స్థానంలో మాత్రం వెంటనే కొత్తవి పెడుతున్నాను. వరుసలో సందు పడితే గాలి అక్కడే మరింత వేగంగా దూసుకువస్తుంది.