అమ్మ వాక్యూమ్ క్లీనర్‌కి కొత్త చక్రాలు

లేత్ మీద నైలాన్ కడ్డీ గిర్రున తిరుగుతోంది. కొబ్బరి తురుములా తెల్లటి పొట్టు నా చెప్పుల మీద రాలుతోంది. ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.

అమ్మ పాత వాక్యూమ్ క్లీనర్ వెనక చక్రాలు రెండూ ముక్కలైపోయాయి. మోటారు మాత్రం భేషుగ్గా ఉంది. ఆ మోడల్ చక్రాలు ఎక్కడా దొరకలేదు. సూట్‌కేసు చక్రాలు పెట్టి చూశా, ఇరుసుకి పట్టలేదు. కొత్తది కొనేయమన్నారు అందరూ. ఇది కొన్న రోజు నాన్న సోఫా కింద దుమ్మంతా లాగి, ఆ సంచి విప్పి ఇంటిల్లిపాదికీ చూపించారు. రెండు చక్రాల కోసం దాన్ని పాత సామాన్ల వాడికి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు.

అందుకే ఈరోజు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో లేత్ షాపుకి వెళ్లా.

లేత్ పెద్దాయన విరిగిన ముక్కల్ని చేతిలో కలిపి పట్టుకుని వెర్నియర్‌తో కొలిచారు. ఇరుసు 8 మిల్లీమీటర్లు. బెజ్జం మాత్రం వెంట్రుకవాసి ఎక్కువే వేశారు. నైలాన్ తేమ పీల్చి ఉబ్బుతుందట, బిగుతుగా చేస్తే వానాకాలంలో పట్టేస్తుందన్నారు. తర్వాత అంచు చుట్టూ సన్నటి గాడి తీసి, అందులో రబ్బరు ఓ-రింగు కూర్చోబెట్టారు, టైల్స్ మీద చప్పుడు రాకుండా. అది నాకు తట్టనే లేదు. ఎంత పనితనమో!

సాయంత్రం అమ్మ హాల్లోంచి బెడ్‌రూమ్‌లోకి లాక్కెళ్లింది. గడప దగ్గర అలవాటుగా ఎడమ చేత్తో ఎత్తి దాటించింది.

"మునుపటికన్నా తేలిగ్గా వస్తోందిరా" అంది.

విరిగిన ముక్కలు పారేయలేదు. కొలతల చీటీతో కలిపి డబ్బాలో దాచా. ముందు చక్రం ఇంకా పాతదే.